ఇసుకలా అయిందని పారేయొద్దు, పాకం పల్లీలకి అసలు వంట అక్కడే మొదలు

మొదటిసారి పంచదార పల్లీలు చేసినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ముందు చెప్పేస్తా. పంచదార, నీళ్ళు, పల్లీలు మూడూ మూకుడులో వేసి తిప్పుతూ ఉన్నా, పది నిమిషాలకి పాకం కాస్తా మాయమైపోయి మొత్తం తెల్లగా, పొడిపొడిగా, సున్నం పూసిన గులకరాళ్ళలా తయారైంది. పాడైపోయిందనుకుని కంగారులో అర గ్లాసు నీళ్ళు పోశా. ఇంకేముంది, పాకం మళ్ళీ మొదటికొచ్చింది, అది దగ్గరపడేలోపు పల్లీలు నీళ్ళు తాగేసి ఉడకబెట్టిన పల్లీల్లా మెత్తబడిపోయాయి, తియ్యటి ఉడకబెట్టిన పల్లీలు ఎవరు తింటారు చెప్పండి. రెండోసారి మా పిన్ని పక్కనే ఉంది, ఇసుక అవ్వగానే నేను మళ్ళీ నీళ్ళ గ్లాసు అందుకుంటే చేతిలోంచి లాగేసుకుని "ఆగవే, తిప్పు, అదే మళ్ళీ కరుగుద్ది" అంది. నిజంగానే కరిగింది. ఈ వంటలో తెలుసుకోవాల్సింది నూటికి తొంభై పాళ్ళు ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా ఓపిక.

అసలు ఇసుకలా ఎందుకవుతుందంటే, పంచదార నీళ్ళలో కరిగి మరుగుతుంటే నీళ్ళు ఆవిరైపోతూ ఉంటాయి, పంచదార మాత్రం ఎక్కడికీ పోదు కదా. ఒక దశ దాటాక ఆ కాస్త నీళ్ళలో అంత పంచదార ఇమడలేదు, మనం పైగా గరిటెతో గిరగిరా తిప్పుతుంటాం, ఆ తిప్పుడుకి అది మళ్ళీ పలుకులు కట్టేసి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది, మూకుడులో దొరికేది పల్లీయే కాబట్టి దాని చుట్టూ కోటులా పడుతుంది. పంచదార గవ్వలు చేసేటప్పుడు పాకంలో గవ్వలు వేసి ఎగరేస్తూ ఉంటే కాసేపటికి తెల్లటి పూత పడుతుంది చూడండి, అచ్చం అదే. గవ్వలకి అక్కడితో ఆపేస్తాం, పల్లీలకి ఇంకో మెట్టు ఎక్కుతాం, అంతే తేడా.

అందుకే దీంట్లో నిమ్మరసం పిండొద్దు. లడ్డూ పాకంలో, జామూన్ పాకంలో నాలుగు చుక్కలు వేయడం మనకి అలవాటు కదా, అది పాకం గడ్డకట్టకుండా ఉండటానికి. ఇక్కడ మనకి కావాల్సిందే గడ్డకట్టడం.

ఇక కొలతలు. పచ్చి పల్లీలు రెండు కప్పులు అంటే 300 గ్రాములు, పంచదార ఒక కప్పు అంటే 200 గ్రాములు, నీళ్ళు కప్పులో మూడో వంతు, 80 మిల్లీలీటర్లు అనుకోండి, ఉప్పు అర చెంచాలో సగం. అంతే, నెయ్యి నూనె ఏం అక్కర్లేదు. నీళ్ళు ఎక్కువ పోస్తే కొంపేం మునిగిపోదు, కాకపోతే అవి ఆవిరయ్యేదాకా మీరు అదనంగా నిలబడాలి, పల్లీ కూడా కాస్త మెత్తబడుద్ది. పంచదార సన్నదైనా లావుదైనా ఒకటే, ఎలాగూ కరిగిపోయేదే.

పల్లీల సంగతికొస్తే పొట్టు ఉన్నవే తీసుకోండి, పొట్టు తీసినవి వద్దు. పొట్టు కాస్త గరుకుగా ఉంటుంది కాబట్టి పంచదార దాన్ని బాగా పట్టుకుంటుంది, నున్నటి గుండు మీద అయితే జారిపోతుంది. పచ్చివే వేయాలి, ముందే వేయించినవి వద్దు, ఎందుకంటే ఈ ఇరవై నిమిషాల్లో అవి పాకంలోనే వేగిపోతాయి, ముందే వేయించినవి వేస్తే చివరికి మాడు రుచి వస్తుంది. పల్లీలకి మనకేం కరువు లేదు, అనంతపురం వైపు పండేదే అది, కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 లాంటి రకాలు రైతుల్లో బాగా పేరున్నవి, కానీ కిరాణా కొట్లో రకం అడిగితే కొట్టువాడు మన మొహం ఎగాదిగా చూస్తాడు. చిన్నవి, గుండ్రంగా ఒకే సైజులో ఉన్నవి ఏరి తెచ్చుకోండి చాలు, పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటే చిన్నవి ముందు మాడతాయి. కొనే ముందు ఒకటి నమిలి చూడండి, మక్కిన వాసన వచ్చిందంటే ఎంత పంచదార పోసినా ఆ వాసన పోదు. పుచ్చులు, ముడుచుకుపోయినవి ఏరిపారేయండి.

మూకుడు దళసరిది కావాలి. పల్చటి అల్యూమినియం గిన్నెలో చేస్తే మధ్యలో మాడి అంచుల్లో పచ్చిగా ఉంటుంది. నల్లటి నాన్‌స్టిక్ వాడొచ్చు గానీ దాంట్లో పాకం రంగు కనపడదు, రంగు కనపడకపోతే ఈ వంటలో కళ్ళకి గంతలు కట్టుకున్నట్టే, అందుకే నేను అడుగు మందంగా ఉన్న స్టీల్ బాండీ వాడతా. ప్లాస్టిక్ గరిటె అస్సలు వద్దు, చెక్క గరిటె, పొడుగు కాడ ఉన్నది తీసుకోండి. ఒక పెద్ద పళ్ళేనికి చుక్క నెయ్యి రాసి స్టవ్ పక్కనే పెట్టుకోండి, ఇది మాత్రం ముందే చేసుకోవాలి, పాకం అయిపోయాక పళ్ళెం కోసం అల్మారా వెతికితే ఆ ముప్పై సెకన్లలోనే మాడిపోద్ది.

సరే మొదలెడదాం. పంచదార, నీళ్ళు, ఉప్పు, పల్లీలు అన్నీ ఒకేసారి మూకుడులో వేసేసి మీడియం మంట మీద పెట్టండి. పంచదార కరిగేదాకా ఒకటి రెండుసార్లు కలపండి, మరుగు వచ్చాక మొదటి నాలుగైదు నిమిషాలు పెద్దగా పనేం ఉండదు, అప్పుడప్పుడు ఓసారి తిప్పండి చాలు. నీళ్ళు కాస్త గులాబీ రంగులోకి మారతాయి, పొట్టు రంగు అది, కంగారేం లేదు. ఈలోపు ఫోన్ చూసుకోవచ్చు గానీ ఆ తర్వాత మాత్రం కుదరదు, ఎవరైనా కాల్ చేసినా ఎత్తొద్దు.

ఇక్కడి నుంచి బుడగల్ని చూడాలి. మొదట్లో బుడగలు చిన్నచిన్నగా, చకచకా, నీళ్ళు మరిగినట్టే ఉంటాయి. నీళ్ళు తగ్గేకొద్దీ అవి పెద్దవై, బద్ధకంగా, ఒకటి పగలడానికి ఆలోచిస్తున్నట్టు అవుతాయి, చప్పుడు కూడా మారిపోతుంది, చిటచిటలు పోయి బొద్దుగా బుడబుడమంటుంది. గరిటె పైకెత్తితే పాకం చుక్కలుగా కాకుండా తీగలా జారుతుంది. సరిగ్గా ఇప్పుడు మంట సిమ్‌లో పెట్టేసి తిప్పడం మొదలెట్టండి, ఆపకుండా, అడుగు నుంచి పైకి తిరగేస్తూ. ఒక నిమిషమో రెండు నిమిషాలో ఏమీ జరగనట్టే ఉంటుంది, గరిటె మాత్రం బరువెక్కుతూ ఉంటుంది. తర్వాత మూకుడు అంచుల్లో పాకం మెరుపు తగ్గి మసకబారుతుంది, మసకగా ఉన్నది తెల్లబడుతుంది, ఇక అక్కడి నుంచి ఇరవై ముప్పై సెకన్లలో మొత్తం ఒక్కసారిగా ఆరిపోయి పల్లీలు దేనికది విడిపోయి గలగలమంటూ మూకుడులో దొర్లుతాయి. గరిటె మళ్ళీ తేలికైపోతుంది. ఆ గలగల వినబడిందంటే సగం పని అయిపోయినట్టు.

మీకు ఇష్టమైతే ఇక్కడే ఆపేయొచ్చు. తెల్లటి కోటు పల్లీలు, పిల్లలకి బాగా నచ్చుతాయి, కాకపోతే పల్లీ లోపల సరిగ్గా వేగిందో లేదో ఒకటి తీసి చల్లార్చి కొరికి చూడండి, పచ్చిగా ఉంటే ఇంకో నాలుగు నిమిషాలు సిమ్‌లో తిప్పండి. నేనైతే ఆపను, నాకు ఆ ఎర్రటి మెరుపు కావాలి.

దానికోసం మంటని సిమ్‌కీ మీడియంకీ మధ్యలో పెట్టి తిప్పుతూనే ఉండండి. అడుగున రాలిపడిన పంచదార పొడి ముందు కరుగుతుంది, చూస్తూ ఉండగానే తేనె రంగు నీళ్ళలా అవుతుంది, ఆ కరిగిన దాంట్లో పల్లీల్ని దొర్లిస్తూ ఉంటే వాటి మీద పూత కూడా అక్కడక్కడా కరిగి నిగనిగలాడుతుంది. పంచదార ఇలా రంగు తిరిగి కమ్మటి వాసన రావాలంటే దాదాపు 160, 170 డిగ్రీల వేడి కావాలి, అందుకే టైమ్ పడుతుంది, నాలుగు నుంచి ఆరు నిమిషాలు. పెద్ద మంట పెడితే త్వరగా అవుతుందనుకుంటారు, అవుతుంది కానీ పైన ఇసుక ఇసుకలాగే ఉండి కింద మాడి చేదొస్తుంది. పొగ కనపడిందంటే వెంటనే మూకుడు పక్కకి దించి, తిప్పుతూనే అర నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. పల్లీలు చిటపటమని పగులుతున్న చప్పుడు కూడా వస్తుంది, లోపల వేగుతున్నాయన్నమాట.

ఎప్పుడు ఆపాలి అంటే, మొత్తం పూత కరిగేదాకా ఆగొద్దు. ముప్పావు వంతు మెరుస్తూ పావు వంతు ఇంకా గరుకుగా, తెల్లటి మచ్చలతో ఉన్నప్పుడే దించేయాలి, మూకుడు వేడికి మిగతాది అదే సర్దుకుంటుంది. పూర్తిగా కరిగిపోతే అంతా కలిసి ఒక్క ముద్దై కూర్చుంటుంది, అప్పుడు అది పాకం పల్లీలు కాదు, చిక్కీ. న్యూయార్క్ రోడ్ల మీద బండ్ల దగ్గర పల్లీలు తిప్పుతూ వీధి చివరిదాకా వాసన కొట్టేలా అమ్ముతారు కదా, జర్మనీలో క్రిస్మస్ మార్కెట్లలో బాదంపప్పు, అవన్నీ ఇదే పద్ధతి, గమనిస్తే వాటి మీద కూడా ఆ గరుకు గరుకు మచ్చలే ఉంటాయి.

దించగానే నెయ్యి రాసిన పళ్ళెంలోకి ఒక్కసారిగా బోర్లించి రెండు ఫోర్కులతోనో గరిటెలతోనో దూరం దూరం జరపండి. చేత్తో ముట్టుకోవద్దు, రుచి చూద్దామని నోట్లో అసలే వేసుకోవద్దు. కరిగిన పంచదార మరిగే నీళ్ళలాంటిది కాదు, నీళ్ళయితే 100 డిగ్రీలు, కారిపోతాయి, ఇది అంతకంటే చాలా ఎక్కువ వేడి పైగా చర్మానికి అతుక్కుని ఉండిపోతుంది. పొరపాటున పడితే వెంటనే కుళాయి కింద చేయి పెట్టి ఇరవై నిమిషాలు అలా నీళ్ళు పారనివ్వండి, ఐస్ వద్దు, టూత్‌పేస్ట్, పసుపు లాంటివి పూయొద్దు, బొబ్బ పెద్దదైతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పిల్లలు వంటింట్లో తిరిగే టైమ్‌లో ఇది చేయకపోవడమే మంచిది, వాసనకి వాళ్ళు రాకుండా ఉండరు కాబట్టి నేను స్కూల్ టైమ్‌లో చేసి పెట్టేస్తా.

మసాలాల విషయంలో ఒకటే రూల్, పొడులు మొదట్లో వేస్తే మాడతాయి, చివర్లో వేయాలి. దించడానికి అర నిమిషం ముందు యాలకుల పొడి చల్లితే ఒక రుచి, శొంఠి, మిరియాల పొడి చల్లితే ఇంకో రుచి. మా ఇంట్లో హిట్ మాత్రం కారం. అర చెంచా కారం, చిటికెడు ఉప్పు ముందే కలిపి పెట్టుకుని పళ్ళెంలో పోసిన వెంటనే జిగట ఉండగా చల్లాలి, మూకుడులో వేస్తే కారం ఘాటుకి ఇల్లంతా దగ్గుతారు, నేను చేసి చూశా. నువ్వులు కూడా అప్పుడే చల్లితే అతుక్కుంటాయి.

ఇప్పుడు జీడిపప్పు. ఇది వేరే కథ. జీడిపప్పుకి పొట్టు ఉండదు, నున్నగా ఉంటుంది, త్వరగా మాడుతుంది, అందుకే దాన్ని పంచదార పద్ధతిలో కంటే బెల్లం పాకంలో చేయడమే నాకిష్టం, మన గోదావరి జిల్లాల్లో పెళ్ళి సారెల్లో పెట్టే జీడిపప్పు పాకం దారిలో అన్నమాట. పలాస నుంచో వేటపాలెం నుంచో ఎవరైనా వస్తుంటే తెప్పించుకుంటే పప్పు బాగుంటుంది. ప్యాకెట్ల మీద డబ్ల్యూ 180, 240, 320 అని నంబర్లు ఉంటాయి చూడండి, పౌనుకి, అంటే 454 గ్రాములకి దాదాపు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ లెక్క, నంబర్ తగ్గేకొద్దీ గుండు పెద్దది, రేటు కూడా అంతే పెద్దది. పాకానికి 180 దండగ, 320 చాలు, అసలు బద్దలతో చేసినా ఎవరూ పట్టించుకోరు.

పావుకిలో జీడిపప్పుని ముందే సిమ్‌లో లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి పక్కన పెట్టుకోవాలి, ఇక్కడ పాకంలో వేగే టైమ్ ఉండదు కాబట్టి. 200 గ్రాముల బెల్లం తురిమి మూడు నాలుగు చెంచాల నీళ్ళతో కరిగించి వడకట్టండి, అనకాపల్లి బెల్లం అయినా సరే వడకట్టాల్సిందే, పంటి కింద ఇసుక పడితే చేసిన కష్టమంతా దండగ. మళ్ళీ స్టవ్ మీద పెట్టి చెంచా నెయ్యి వేసి మీడియంలో మరిగించండి. బెల్లంలో పంచదార ఒక్కటే ఉండదు, పలుకు కట్టనివ్వని వేరే చక్కెరలు కూడా ఉంటాయి, అందుకే ఇది అంత సులువుగా ఇసుక కట్టదు, మనం ఇక్కడ చూడాల్సింది పాకం పదును.

పక్కన గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుని నిమిషానికోసారి చుక్క వేసి చూడండి. ముందు నీళ్ళలో కరిగిపోతుంది, తర్వాత మెత్తటి ఉండ వస్తుంది, అది అరిసెల పాకం, ఇక్కడ ఆపితే పళ్ళకి అతుక్కుని చస్తాం. తర్వాత గట్టి ఉండ, నొక్కితే సాగుతుంది, అదీ కాదు. చుక్క నీళ్ళలో పడగానే గట్టిపడి, తీసి వంచితే వంగకుండా టప్పున విరగాలి, గిన్నె అంచుకేసి కొడితే టంగుమనాలి. అప్పుడు స్టవ్ ఆపి చిటికెడు వంటసోడా వేస్తే పాకం బుసబుసా పొంగి రంగు తేలికవుతుంది, లోపల గాలి బుడగలు చేరి కొరికితే కరకరలాడుతుంది. చిటికెడంటే చిటికెడే, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. వెంటనే జీడిపప్పు వేసి నాలుగు తిప్పులు తిప్పి పళ్ళెంలో పోసేయడమే. విడివిడిగా కావాలంటే గరిటెలతో విడదీయండి, అచ్చులా కావాలంటే నెయ్యి రాసిన గిన్నె అడుగుతో ఒత్తి గోరువెచ్చగా ఉండగానే చాకుతో గాట్లు పెట్టండి, చల్లారాక గాటు దిగదు.

అమెరికాలో ఉండే మా చెల్లి ఫోన్ చేసి ఎన్నిసార్లు చేసినా మాడుతుందే అని గోల పెట్టింది, ఏంటా అని వీడియో కాల్‌లో చూస్తే దానిది కాయిల్ ఎలక్ట్రిక్ స్టవ్. గ్యాస్ అయితే తగ్గించగానే మంట తగ్గుతుంది, ఆ కాయిల్ మాత్రం నాబ్ తిప్పాక కూడా చాలాసేపు ఎర్రగా కాలుతూనే ఉంటుంది. అలాంటి స్టవ్ ఉన్నవాళ్ళు నాబ్‌ని నమ్ముకోవద్దు, వేడి తగ్గాలంటే మూకుడే ఎత్తి పక్కన పెట్టాలి. అక్కడ పల్లీల కంటే పీకన్లు, అంటే అక్రోట్ లాంటి పప్పు, బాగా దొరుకుతాయి కాబట్టి ఇప్పుడు అది వాటితో చేస్తోంది, గీతలు గీతలుగా ఉంటాయి కదా పంచదార భలే పడుతుంది, కాకపోతే అవి పల్లీల కంటే ముందే వేగిపోతాయి కాబట్టి ఇసుక దశ వచ్చాక వేసినా చాలు అని నేనన్నా, అది వినలేదు, మొదట్లోనే వేసింది, బానే వచ్చాయంట. ఇండక్షన్ మీద అయితే ఒకే చోట వేడి కొడుతుంది, మధ్యలో గరిటె ఎక్కువ ఆడించాలి.

పూత పల్లీకి అంటకుండా రాలిపోతోందంటే మీరు తిప్పడం మధ్యలో ఆపారు లేదా పల్లీలు నున్నగా ఉన్నాయి. రాలిన పొడి పారేయొద్దు, కాఫీలో వేసుకోండి. ఎంతసేపు తిప్పినా ఇసుక కట్టట్లేదంటే ఇంకా నీళ్ళు ఉన్నాయి, మంట కాస్త పెంచి ఇంకో రెండు నిమిషాలు ఆగండి, అప్పటికీ అవ్వకపోతే ఒక చెంచా పొడి పంచదార పైన చల్లి తిప్పండి, దాన్ని పట్టుకుని మిగతాది పలుకు కట్టేస్తుంది, పాలల్లో తోడు వేసినట్టు.

పూర్తిగా, అంటే పళ్ళెం అడుగు చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలేదాకా ఆరనిచ్చి గాలి చొరబడని సీసాలో పెట్టండి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి రేపటికల్లా జిగటే. విశాఖలో మా ఇంట్లో వానాకాలం ఈ సీసా మూత తీసి రెండు నిమిషాలు మర్చిపోతే చాలు, అంటుకోవడం మొదలెడతాయి. బెల్లంవి ఇంకా త్వరగా చెమ్మ లాగుతాయి కాబట్టి చిన్న చిన్న సీసాల్లో పెట్టుకుని ఒక్కోటీ తెరవండి. పంచదారవి రెండు వారాలు చక్కగా ఉంటాయి, అన్నాళ్ళు మిగిలితే.

ఇక మూకుడుకి అంటుకున్న పాకాన్ని చాకుతో గీకకండి, నీళ్ళు పోసి మరిగిస్తే అదే కరిగి వచ్చేస్తుంది. నేనైతే పంచదార పాకం చేసిన రోజు నీళ్ళకి బదులు ఓ గ్లాసు పాలు పోసి సన్నటి సెగ మీద మరిగిస్తా, అడుగున ఉన్న ఎర్రటి పాకమంతా పాలల్లో దిగి కమ్మగా ఉంటుంది, మూకుడు శుభ్రం, పాలు రెడీ. బెల్లం పాకం మూకుడులో మాత్రం పాలు పోయకండి, విరిగిపోతాయి.